‘డివైస్ కనపడట్లేదు’ అంటే ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే గోల. పెట్టాం, పనిచెయ్యట్లేదు, ఫార్మాట్ కొట్టెయ్యమంటారా అని. ఆగండి బాబూ. లైనక్స్‌లో ఏ వస్తువైనా పనిచెయ్యాలంటే ముందు అది ఉన్నట్టు కెర్నల్‌కి (లైనక్స్‌కి గుండెకాయ లాంటి అసలు ప్రోగ్రాం) తెలియాలి, తర్వాత దానికి తగ్గ డ్రైవర్ (ఆ వస్తువుతో మాట్లాడటం తెలిసిన ప్రోగ్రాం) దొరకాలి, ఆ డ్రైవర్ దాన్ని లేపగలగాలి, ఆఖర్న దానికో పేరూ, వాడుకోడానికి మీకు పర్మిషనూ ఉండాలి. వీటిలో ఎక్కడ ఆగిందో టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg, కెర్నల్ రాసుకునే లాగ్ చూపిస్తుంది) అనే కమాండ్ కొడితే మొహమ్మీదే చెప్పేస్తుంది. ఫార్మాట్ కొడితే మీ ఫొటోలు పోతాయి తప్ప ఆగింది మళ్ళీ అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: అన్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల చీప్‌గ వస్తుందని ఒక వైఫై డాంగిల్ కొన్న. విండోస్‌ల మంచిగ నడుస్తుంది. లైనక్స్ మింట్ 21ల పెడితే సీడీ డ్రైవ్ లెక్క కనిపిస్తుంది, లోపల విండోస్ సెటప్ ఫైల్ ఉంది, వైఫై మాత్రం వస్తలేదు. లైనక్స్‌కి దీన్ని గుర్తుపట్టుడు రాదా?
(బీటెక్ స్టూడెంట్, కరీంనగర్)

జవాబు: గుర్తుపట్టింది తమ్ముడూ, అది తన గురించి ఏం చెప్పుకుందో అదే నమ్మింది. అబద్ధం చెప్పింది డాంగిల్.

అసలు పెట్టగానే ఏం జరుగుతుందో చూడు. యూఎస్‌బీ పోర్టులో డేటా వైర్లు రెండుంటాయి, డీ ప్లస్, డీ మైనస్. డాంగిల్ లోపల 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి డీ ప్లస్‌ని పైకి లాగి పెడుతుంది, దాంతో హబ్‌కి ఇక్కడెవరో వచ్చారని తెలుస్తుంది (పాత మౌసుల్లాంటి స్లో వస్తువులైతే డీ మైనస్‌ని లాగుతాయి, స్పీడు తేడా అక్కడే తెలిసిపోతుంది). అప్పుడు కెర్నల్ ఆ పోర్టుని రీసెట్ చేస్తుంది. రీసెట్ అయిన ఏ యూఎస్‌బీ వస్తువైనా సున్నా అనే అడ్రస్‌కే పలుకుతుంది కాబట్టి కెర్నల్ ఒక్కోదాన్నే రీసెట్ చేసి, పలకరించి, 1 నుంచి 127 లోపు ఒక నెంబరు ఇచ్చి, తర్వాత ఇంకోదాని దగ్గరికి పోతుంది. నెంబరిచ్చాక నువ్వెవరు అని అడుగుతుంది. దానికి జవాబు 18 బైట్ల డిస్క్రిప్టర్. తయారీ కంపెనీ నెంబరు, వస్తువు నెంబరు అందులోనే ఉంటాయి. తర్వాత వచ్చే ఇంకో డిస్క్రిప్టర్‌లో నేను ఫలానా తరగతి వస్తువుని అని కూడా చెప్తుంది, కీబోర్డ్ మౌసుల్లాంటివి 03, డిస్కులు 08, అలా.

ఇప్పుడు నీ డాంగిల్ పెట్టి ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb, పెట్టిన యూఎస్‌బీ వస్తువుల లిస్టు చూపించే కమాండ్) కొట్టు. 0బీడీఏ:1ఏ2బీ అని కనపడుతుందనే నా అంచనా. 0బీడీఏ అంటే రియల్‌టెక్. 1ఏ2బీ అంటే ఆ చిప్పు నేను సీడీనండీ అని వేషం వేసుకుని వచ్చినప్పటి నెంబరు. విండోస్ వాళ్ళకి డ్రైవర్ సీడీ విడిగా ఇవ్వక్కర్లేకుండా డాంగిల్ లోపలే ఆ ఫైల్ పెట్టి, ముందు సీడీలా కనపడి, డ్రైవర్ ఎక్కాక అసలు రూపంలోకి మారేలా చేశారు. అప్పట్లో 3జీ డాంగిల్స్ కూడా ఇదే వేషం వేసేవి, హాస్టళ్ళలో లైనక్స్ వాడినవాళ్ళందరికీ ఆ తిప్పలు గుర్తుండే ఉంటాయి. కెర్నల్ తప్పేం లేదు ఇందులో, తరగతి 08 అంది కాబట్టి స్టోరేజ్ డ్రైవర్‌ని అంటించింది.

వేషం తియ్యడం ఈజీ. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టు, చాలా డాంగిల్స్ దానికే మారిపోతాయి. మారకపోతే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేసుకో, దాని పనే ఇది. మారిందంటే డీమెసేజ్‌లో పాతది డిస్కనెక్ట్ అయినట్టు ఒక లైను, కొత్త డివైస్ నెంబరుతో ఇంకో లైను వస్తాయి, ఈసారి ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ పక్కన సీ811 లాంటిది ఇంకేదో కనపడుతుంది.

ఇక్కడితో అయిపోలేదు, ఇప్పుడు రెండో మెట్టు. ప్రతి డ్రైవర్ తనకి తెలిసిన నెంబర్ల పట్టిక ఒకటి వెంట పెట్టుకుని ఉంటుంది, డిస్కు మీదున్న మాడ్యూల్స్ (అవసరమైనప్పుడు లోడ్ అయ్యే డ్రైవర్ ఫైళ్ళు) అన్నిటి పట్టికల్నీ కలిపి మాడ్యూల్స్ అలియాస్ అనే ఒకే ఫైల్లో రాసి ఉంచుతారు. కొత్త వస్తువు రాగానే కెర్నల్ దాని నెంబర్లన్నీ ఒక పొడుగాటి లైనుగా కట్టి బయటికి కేకేస్తుంది, యూడెవ్ అనే ప్రోగ్రాం అది విని ఆ ఫైల్లో వెతికించి సరిపోయిన డ్రైవర్‌ని లోడ్ చేయిస్తుంది. నీ చిప్పు యూఎస్‌బీ రూపం కెర్నల్ సొంత డ్రైవర్లలోకి వచ్చింది 6.2 వెర్షన్‌లో, అంటే 2023 మొదట్లో. మింట్ 21 మొదట వచ్చింది 5.15 కెర్నల్‌తో. ఆ పట్టికలో నీ నెంబరే లేదు, ఇంక ఎవరు వస్తారు? అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూలో లైనక్స్ కెర్నల్స్ అని ఉంటుంది, అక్కడ 6.2 కంటే కొత్తది వేసుకుని రీస్టార్ట్ చెయ్యి, లేదంటే మింట్ 22కి పోతే అందులో 6.8 గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటుంది. ఎక్కడో దొరికిన జిప్ ఫైల్ దింపి డ్రైవర్ కంపైల్ చేసే పని పెట్టుకోకు, కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం నోడ్‌ఎంసీయూ బోర్డు తీసుకున్నాను. ఉబుంటు 22.04లో పెడితే టీటీవై యూఎస్‌బీ0 ఒక్క సెకను కనపడి మాయమైపోతోంది. కేబుల్ కూడా మార్చి చూశాను. బోర్డు పోయినట్టేనా?
(పాలిటెక్నిక్ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: బోర్డు బంగారంలా ఉందమ్మా. దాని మీదుండే సీహెచ్340 అనే యూఎస్‌బీ సీరియల్ చిప్పు నెంబరు 1ఏ86:7523. అంధులు వాడే కొన్ని బ్రెయిలీ పరికరాల్లో కూడా ఇదే చిప్పు, ఇదే నెంబరు. ఉబుంటు 22.04లో బీఆర్ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ ప్రోగ్రాం ముందే ఉంటుంది, దాని రూల్స్‌లో ఈ నెంబరు కూడా ఉంది. మీరు బోర్డు పెట్టగానే సీహెచ్341 డ్రైవర్ పట్టుకుని టీటీవై యూఎస్‌బీ0 (బోర్డుతో మాట్లాడే సీరియల్ పోర్టు పేరు) ఇస్తుంది, మరుక్షణం ఆ ప్రోగ్రాం వచ్చి ఇది నాదే అని లాగేసుకుంటుంది. డీమెసేజ్‌లో చూడండి, డిస్కనెక్టెడ్ అనే లైనుకి కాస్త పైన బీఆర్ఎల్‌టీటీవై పేరు కనపడుతుంది. మీ కంప్యూటర్‌కి బ్రెయిలీ డిస్‌ప్లే పెట్టేవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీ తీసెయ్యండి, చాలు. కాలేజీ ల్యాబ్ మిషన్ అయితే మాత్రం తియ్యకండి, యూడెవ్ రూల్స్ ఫైల్లో ఆ ఒక్క నెంబరున్న లైను ముందు హ్యాష్ పెట్టి ఆపెయ్యండి, రేపు ఎవరికి అవసరం పడుతుందో తెలీదు.

ఇది తీశాక పర్మిషన్ డినైడ్ అని ఇంకో గోల మొదలవ్వచ్చు. మీ యూజర్‌ని డయలౌట్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ అవ్వండి. లాగౌట్ అవ్వకుండా ఎన్నిసార్లు చూసినా అదే వస్తుంది.

కేబుల్ సంగతి ఎలాగూ ఎత్తారు కాబట్టి చెప్తున్నా. పెట్టినప్పుడు డీమెసేజ్‌లో ఒక్క లైను కూడా రాకపోతే చాలాసార్లు అది ఛార్జింగ్ కేబులే, లోపల డేటా వైర్లు ఉండవు. లైనొచ్చి చివర మైనస్ 71 అనో మైనస్ 110 అనో ఎర్రర్ ఉంటే అవతల ఎవరో ఉన్నారు కానీ మాట సరిగ్గా వినపడట్లేదని అర్థం (మైనస్ 110 అంటే టైమౌట్). అప్పుడు వైరు, హబ్, పోర్టు, కరెంటు చాలకపోవడం, వీటిలో ఏదో ఒకటి. మీకు టీటీవై యూఎస్‌బీ0 వచ్చిందంటేనే ఇవన్నీ దాటేసినట్టు.

ప్రశ్న: రొయ్యల చెరువు దగ్గర నీటి వేడి ఎంతుందో గంటగంటకీ రాసిపెట్టేలా మావాడు రాస్ప్‌బెర్రీ పై 4తో ఒకటి తయారు చేస్తున్నాడండి. డీఎస్18బీ20 సెన్సరు, కరెంటు పోయినా టైం తప్పకుండా డీఎస్3231 గడియారం బోర్డు పెట్టాడు. రెండూ కనపడట్లేదంటాడు. పెన్ డ్రైవ్ పెడితే వెంటనే తెలుసుకునే కంప్యూటర్‌కి వైర్లు కలిపినా ఇవి తెలియకపోవడం ఏంటండి? నాసిరకం సరుకా?
(ఆక్వా రైతు, భీమవరం)

జవాబు: సరుకు మంచిదేనండి. ఆ గడియారం కూర్చున్న వైర్లకి అసలు మాట్లాడే భాషే తక్కువ.

ఐ2సీ అంటే రెండే వైర్లు, ఒకటి క్లాకు, ఒకటి డేటా. దాని మీద కూర్చున్న ప్రతి చిప్పుకీ మామూలుగా ఏడు బిట్ల అడ్రస్ ఒకటి ఫ్యాక్టరీలోనే పడిపోయి ఉంటుంది. కెర్నల్ ఆ అడ్రస్ పిలిస్తే ఉన్నాను అని ఒక్క బిట్‌తో జవాబిస్తుంది, అంతే. నువ్వెవరు, ఏ కంపెనీ, ఏం చేస్తావు అని అడగడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఏమీ లేదు. మీవాడిని ఐ2సీ ఆన్ చేసుకుని (ఎలాగో కింద చెప్తా) ఐ2సీ డిటెక్ట్ కమాండ్ కొట్టమనండి, గడులు గడులుగా వస్తుంది, 68 దగ్గర ఏదో ఉంది అని చూపిస్తుంది. ఆ 68లో ఉన్నది మీ గడియారం. కానీ డ్రోన్లలో వాడే ఎంపీయూ6050 అనే వంపు కొలిచే చిప్పు అడ్రస్ కూడా 68యే. కెర్నల్ ఊహించి గడియారం డ్రైవర్ అంటించిందనుకోండి, అక్కడున్నది వంపు చిప్పు అయితే దాని రిజిస్టర్లలో టైం రాసి కూర్చుంటుంది. అందుకే ఊహించదు, మనిషి చెప్తేనే వింటుంది.

ఆ చెప్పే పద్ధతి పేరు డివైస్ ట్రీ. ఈ బోర్డులో ఏ బస్సు (చిప్పులు కలిసి వాడుకునే వైర్ల దారి) మీద ఏ అడ్రస్‌లో ఏ చిప్పుంది అని ఒక చెట్టులా రాసి బూట్ అయ్యేటప్పుడే కెర్నల్ చేతిలో పెడతారు. ఇది సన్ కంపెనీ మిషన్లు, పవర్‌పీసీ మిషన్ల ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చిన ఆలోచన. ఏఆర్ఎమ్ బోర్డులకి (మీ పైలోదీ, ఫోన్లలోదీ ఆ రకం ప్రాసెసరే) మొదట్లో ఇది లేదు, ఒక్కో బోర్డుకి ఒక్కో సీ ఫైల్ కెర్నల్లోనే రాసేసేవాళ్ళు, 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ చెత్తేంటని గట్టిగానే కేకలేశాక అందరూ డివైస్ ట్రీ దారి పట్టారు. ఆ తిట్లు తిన్నాకే ఏఆర్ఎమ్ వైపు ఇల్లు సర్దుకుంది, నన్నడిగితే మంచిదే అయింది.

రాస్ప్‌బెర్రీ పైలో ఆ చెట్టుకి కొమ్మలు అంటించాలంటే కాన్ఫిగ్ టెక్స్ట్ అనే ఫైల్ ఉంటుంది, బూట్ ఫోల్డర్‌లో, 2023లో వచ్చిన బుక్‌వర్మ్ అనే వెర్షన్ నుంచి దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో. అందులో ఐ2సీ ఏఆర్ఎమ్ ఆన్ అని ఒక లైను, ఐ2సీ ఆర్‌టీసీ ఓవర్‌లే డీఎస్3231 అని ఒక లైను రాసి రీస్టార్ట్ చెయ్యమనండి. తర్వాత ఐ2సీ డిటెక్ట్‌లో 68 ఉన్నచోట యూయూ అని కనపడాలి. చాలామంది అది చూసి పాడైపోయిందని కంగారు పడతారు, అది డ్రైవర్ దాన్ని తీసేసుకుంది, ఇంక ఎవరూ కదిలించొద్దు అని చెప్పే గుర్తు.

ఇంక నీటి సెన్సరు. అది వన్‌వైర్ రకం, డేటాకి ఒక్కటే వైరు, కానీ వింత చూడండి, రెండు వైర్ల ఐ2సీకి లేని తెలివి దీనికుంది. ప్రతి సెన్సరులో 64 బిట్ల నెంబరు ముద్ర వేసి ఉంటుంది, మొదటి భాగం ఏ రకమో చెప్తుంది, డీఎస్18బీ20 అయితే 28. కాబట్టి ఈ వైరు మీద పది సెన్సర్లు పెట్టినా కెర్నల్ విడివిడిగా కనిపెడుతుంది. కాకపోతే అసలు ఆ వైరు ఏ పిన్నుకి కలిపారో మనం చెప్పాలి. కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యూ1 జీపీఐఓ ఓవర్‌లే అని రాస్తే మామూలుగా జీపీఐఓ 4 అనుకుంటుంది, వేరే పిన్ను వాడితే అది కూడా రాయాలి. డేటా వైరుకీ 3.3 వోల్ట్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి, కనపడట్లేదంటే మొదట అది పెట్టారా లేదా చూడండి. సిస్ ఫోల్డర్లో డబ్ల్యూ1 బస్ కింద 28తో మొదలయ్యే పేరు వచ్చిందంటే దొరికినట్టే. టెంపరేచర్ 85000 అని వస్తే చెరువు ఉడికిపోతోందని కాదండి, సెన్సరు పవర్ ఆన్ అయినప్పుడు ఉండే అంకె అది, 85 డిగ్రీలు, కొలత ఇంకా జరగలేదని అర్థం. పొడుగు కేబుల్‌లో కరెంటు చాలనప్పుడు ఎక్కువగా ఇలా వస్తుంది.

ప్రశ్న: 90ల్లో నేను కంప్యూటర్ సెంటర్ నడిపినప్పుడు సౌండ్ కార్డు పెట్టాలంటే జంపర్లు మార్చి చచ్చేవాళ్ళం. ఇప్పుడు పిల్లలకి ఐఆర్‌క్యూ అంటే ఏంటో కూడా తెలీదు. ఆ బాధ ఎలా పోయిందో చెప్పగలరా?
(రిటైర్డ్ లెక్చరర్, రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, సౌండ్ బ్లాస్టర్ కార్డుకి పోర్టు 220, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను) 5, డీఎమ్ఏ (మెమరీకి నేరుగా డేటా పంపే ఛానెల్) 1, జంపర్లనే బుల్లి పిన్ను ముక్కలు మార్చి పెట్టుకునే ఈ మూడంకెలు మీ తరానికి ఫోన్ నెంబరు లాగా నోటికొచ్చేవి కదండీ. అప్పటి పాత ఐఎస్ఏ రకం స్లాట్‌లో జంపర్ల కార్డుకి నేనెవరో చెప్పుకునే మార్గమే లేదు. డ్రైవర్ ఫలానా పోర్టులో ఏదో రాసి, తిరిగి ఏదో చదివి, వచ్చింది తన కార్డు జవాబులా ఉందా అని చూసుకునేది. ఆ పోర్టులో ఇంకేదో కార్డుంటే దానికి పిచ్చెక్కి మిషన్ మొత్తం బిగుసుకుపోయేది. ఎన్ఈ2000 నెట్‌వర్క్ కార్డు 300 దగ్గర కూర్చుంటే మిగతా డ్రైవర్లు అటు వేలు పెట్టకుండా లైనక్స్ బూట్ లైనులో రిజర్వ్ అని రాసుకునేవాళ్ళు.

అలాంటి గుడ్డి వెతుకులాటలోనే ముచ్చటైన ఉపాయం ఒకటి బర్కిలీ యూనిక్స్ వాళ్ళది. 80ల్లో వ్యాక్స్ మిషన్ల మీద కెర్నల్ లేచేటప్పుడు ప్రోబ్ అనే రొటీన్ డివైస్‌ని కావాలనే గిల్లి ఇంటరప్ట్ (నన్ను చూడు అని ప్రాసెసర్‌కి వేసే కేక) వచ్చేలా చేసేది, ఆ ఇంటరప్ట్ ఏ వెక్టర్ (దాని నెంబరు) మీద వచ్చిందో చూసి ఓహో నీది ఇదా అని రాసుకునేది. ఇప్పటికీ ఆ వంశంలోని నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ బూట్ లైన్లు చదువుతుంటే ఫలానాది ఫలానాదాని మీద ఉంది అని వంశవృక్షంలా వస్తుంది, డ్రైవర్ దొరకనిదాని పక్కన నాట్ కాన్ఫిగర్డ్ అని నిజాయితీగా రాస్తుంది. నాకు ఆ పద్ధతి లైనక్స్ లాగ్ కంటే చదవడానికి హాయిగా ఉంటుంది.

మీ బాధ తీర్చింది 1992లో ఇంటెల్ తెచ్చిన పీసీఐ అనే కొత్త రకం స్లాట్. బస్సులు 256, ఒక్కో బస్సులో 32 డివైస్‌లు, ఒక్కోదాన్లో 8 ఫంక్షన్లు. కెర్నల్ మీరు క్లాసులో అటెండెన్స్ తీసుకున్నట్టే వరసగా పిలుస్తూ పోతుంది. ఉన్నవాడు తన కంపెనీ నెంబరుతో పలుకుతాడు, ఇంటెల్ వాళ్ళదైతే 8086 (చిలిపితనం చూశారా, వాళ్ళ పాత ప్రాసెసర్ పేరే), ఎన్విడియా అయితే 10డీఈ. సీటు ఖాళీ అయితే అన్నీ ఒకట్లే, ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వస్తుంది.

తర్వాత నీకెంత మెమరీ అడ్రస్ జాగా కావాలి అని అడగాలి. దానికి వాడే కిటుకు నాకు భలే ఇష్టం. కార్డులో బేస్ అడ్రస్ రిజిస్టర్లు ఆరు దాకా ఉంటాయి. కెర్నల్ ఒక్కోదాన్లో అన్నీ ఒకట్లు రాసి వెంటనే తిరిగి చదువుతుంది. 16 కేబీ కావాల్సిన కార్డు అయితే కింది 14 బిట్లు ఎంత రాసినా మారవు, పైవి మాత్రమే ఒకట్లవుతాయి. మారని బిట్లు లెక్కపెడితే సైజు తెలిసిపోతుంది. అన్నీ కనుక్కున్నాక ఒకరిదొకరికి తగలకుండా అడ్రస్‌లు పంచి అదే రిజిస్టర్లలో రాస్తారు. జంపర్లతో మీరు చేసిన పనే అది, ఇప్పుడు పీసీలో ఫర్మ్‌వేరూ కెర్నలూ కలిసి మీరు కుర్చీలో సర్దుకునేలోపు చేసేస్తున్నాయి.

అయినా మొదట్లో సాఫీగా ఏం లేదులెండి. 1998 ఏప్రిల్‌లో చికాగో కామ్‌డెక్స్ షోలో బిల్ గేట్స్ పక్కన నిలబడి ఉండగా మైక్రోసాఫ్ట్ ఉద్యోగి స్కానర్ పెట్టి చూపించబోతే విండోస్ 98 అందరి ముందే బ్లూ స్క్రీన్ అయ్యింది.

ప్రశ్న: ఆఫీసు సర్వర్‌లో రెండు హార్డ్ డిస్కులు. ఒక్కోసారి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ తారుమారైపోయి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతోంది. డిస్కు పోతోందా?
(అకౌంట్స్ ఆఫీసు, విశాఖపట్నం)

జవాబు: పోవట్లేదు. ఎవరు ముందు లేస్తే వాళ్ళకి ఎస్‌డీఏ, అంతే రూలు. డిస్కుల్ని కెర్నల్ ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపకుండా సమాంతరంగా లేపుతుంది కాబట్టి ఆ వరస ఎప్పుడూ గ్యారంటీ కాదు. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తెరవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఈ పేర్లు రాశారు కాబట్టి ఈ తిప్పలు. బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టి వచ్చిన యూయూఐడీలు (ఒక్కోదానికి మారకుండా ఉండే గుర్తింపు నెంబర్లు) అక్కడ రాయండి, బ్యాకప్ డిస్కు లైనుకి నోఫెయిల్ కూడా చేర్చండి, అది లేచినా లేవకపోయినా సర్వర్ ఆగదు. నెట్‌వర్క్ కార్డుల ఈటీహెచ్0, ఈటీహెచ్1 గొడవ కూడా ఇదే, 2013 జనవరిలో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో బూట్ పనులు చూసే ప్రోగ్రాం) 197 వెర్షన్ నుంచి బస్సు నెంబరు, స్లాట్ నెంబరుతో ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేర్లొచ్చాయి. చూడ్డానికి బాలేవు గానీ కార్డు స్లాట్ మారనంత వరకు మామూలుగా పేరు మారదు.

ప్రశ్న: డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ సంవత్సరానికి డబ్బు కట్టమంటోంది, కొనాలా?
(గృహిణి, నెల్లూరు)

జవాబు: వద్దండి. విండోస్ అప్‌డేట్, లాప్‌టాప్ కంపెనీ సొంత సైటు, ఈ రెండూ చాలు, రెండూ ఫ్రీ.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. కొత్త లాప్‌టాప్‌లో డెబియన్ 11 వేశాను. ఎల్ఎస్‌పీసీఐలో ఇంటెల్ వైఫై కార్డు కనపడుతోంది, కానీ వైఫై లేదు. లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2 అని ఉంది.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్)

జవాబు: మైనస్ 2 అంటే ఫైల్ లేదని. అంటే బస్సు మీద కార్డు దొరికింది, డ్రైవర్ కూడా వచ్చి కూర్చుంది, కార్డు లోపలి చిన్న ప్రాసెసర్‌కి ఎక్కించాల్సిన ప్రోగ్రాం మాత్రం లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్లో లేదు. డెబియన్ వాళ్ళు సోర్సు ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని చాలాకాలం మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి పెడుతున్నారు. సిద్ధాంతం గొప్పదే, కానీ వైఫై లేని లాప్‌టాప్‌లో వైఫై ఫర్మ్‌వేర్ ఎలా దింపుకుంటారో వాళ్ళు అప్పుడే ఆలోచించాల్సింది. పైగా డెబియన్ 11 కెర్నల్ 5.10, అది 2020 డిసెంబర్‌ది, మీ లాప్‌టాప్‌లో తర్వాత వచ్చిన పార్టులు ఇంకేమున్నా వాటి నెంబర్లు చాలావరకు అందులో ఉండవు. డెబియన్ 13లో 6.12 ఉంది, నేరుగా అదే వేసుకోండి. ఇప్పటికి గడవాలంటే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, ఫోనే ఒక నెట్‌వర్క్ కార్డుగా పరిచయం చేసుకుంటుంది, దానికి ఫర్మ్‌వేర్ ఏమీ అక్కర్లేదు, డ్రైవర్ మీ కెర్నల్‌తోనే వచ్చి ఉంటుంది. సోర్సెస్ లిస్టులో నాన్‌ఫ్రీ చేర్చి ఫర్మ్‌వేర్ ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీ దింపుకుని రీస్టార్ట్ చెయ్యండి. అప్పుడు కూడా సరిపోయే ఫర్మ్‌వేర్ దొరకలేదనే అంటే మీ కార్డుకి ఆ కెర్నల్ పాతదైపోయిందని, డెబియన్ 13 పెన్ డ్రైవ్ రెడీ చేసుకోండి.